డ్రాగన్ వారియర్ మాన్‌స్టర్స్: జత కట్టించిన రెండూ వెళ్ళిపోయాయంటే ఆట ఇప్పుడే మొదలైంది

మీరు అడిగినవి మూడు. అన్నయ్య పాత గేమ్ బాయ్ కలర్ అనే నింటెండో చేతి గేమ్ మెషీన్‌తో పాటు దొరికిన 'డ్రాగన్ వారియర్ మాన్‌స్టర్స్' కార్ట్రిడ్జ్‌లో సేవ్ ఒక్కోసారి ఉంటోంది, ఒక్కోసారి పోతోంది. మొదట్లో చేతికిచ్చిన స్లిబ్ అనే స్లైమ్‌ను (జెల్లీ ముద్దలాంటి మాన్‌స్టర్) ఒక డ్రాగన్‌కిడ్‌తో జత కట్టిస్తే గుడ్డయితే వచ్చింది గానీ ఆ రెండూ మాయమయ్యాయి, పుట్టిన పిల్ల డ్రాక్‌స్లైమ్ చూస్తే లెవల్ 1లో ఉంది. ఇక మూడోది, ఇదంతా పోకెమాన్‌కి కాపీలా ఉంది కాబట్టి చెన్నై బర్మా బజార్‌లో ఎవరికైనా అమ్మేయనా అని.

అమ్మకండి. గేమ్ బాయ్ మీద వచ్చిన మాన్‌స్టర్ గేముల్లో పోకెమాన్ పక్కన పెడితే నేను అందరికీ మొదట చెప్పే పేరు ఇదే. మన దగ్గర దీని పేరు తెలిసినవాళ్ళు చాలా తక్కువ. తెలిసినవాళ్ళలో కూడా చాలామంది మీరు ఆగిన చోటే ఆగిపోయారు. స్లిబ్ వెళ్ళిపోగానే "ఇదేం గేమ్" అని పక్కన పెట్టేస్తారు. నిజానికి ఆట ఆ క్షణం నుంచే మొదలవుతుంది.

ముందు సేవ్ సంగతి తేల్చుకుందాం, అది కుదరకపోతే మిగతాదంతా చెప్పి లాభం లేదు. ఆ కాలపు గేమ్ బాయ్ కార్ట్రిడ్జ్‌లలో సేవ్‌ను కాపాడేది లోపలుండే ఒక చిన్న బటన్ సెల్. మీ కార్ట్రిడ్జ్ వయసు పాతికేళ్ళు. సెల్ బలహీనపడినప్పుడు సరిగ్గా మీరు చెప్పినట్టే జరుగుతుంది: ఒకరోజు సేవ్ ఉంటుంది, ఒకరోజు ఉండదు. కొత్త సెల్ వేస్తే సరిపోతుంది. తీయగానే పాత సేవ్ పోతుంది, అది ముందే తెలుసుకోండి. అన్నయ్య ఆట ఏదైనా అందులో ఇంకా మిగిలి ఉంటే, ఒకసారి ఆయనకు చూపించి ఆ తర్వాతే విప్పించండి.

కార్ట్రిడ్జ్ వెనక ఉండే స్క్రూ మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగదు. దానికి 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. ప్లాస్టిక్ పెన్ను కరిగించి తిప్పే చిట్కాలు వీడియోల్లో కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. స్క్రూ తల అరిగిపోతే ఆ తర్వాత ఎవరూ తీయలేరు. వేళచ్చేరిలో లోకల్ ఎక్కి చింతాద్రిపేటలో దిగితే రిచీ స్ట్రీట్‌కి నడిచి వెళ్ళొచ్చు. అక్కడ మొబైల్ బోర్డులు బాగుచేసే ఏ చిన్న కొట్టువాడికైనా ఇది పావుగంట పని. తమిళం అంతగా రాకపోయినా ఫరవాలేదు, కార్ట్రిడ్జ్ చూపిస్తే చాలు. రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్పండి. ఒకటి, రెండు పక్కలా సన్నటి లోహపు పట్టీలు ముందే అతికించి ఉన్న సెల్ కావాలి. వట్టి సెల్ మీద నేరుగా సోల్డరింగ్ పెడితే వేడికి సెల్ పాడవుతుంది, పగిలే ప్రమాదం కూడా ఉంది. రెండు, పాత సెల్ మీద ఏ నంబరుంటే అదే వేయాలి. కంప్యూటర్ మదర్‌బోర్డుల్లో వాడే 2032 ప్రతి కొట్లోనూ దొరుకుతుంది కాబట్టి "ఇదే వేసేద్దాం సార్" అంటారు. ఆ నంబరులో చివరి 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు అని. 2025 అయితే 2.5 మిల్లీమీటర్లే. లావుపాటి సెల్ పెట్టి మూత బలవంతంగా బిగిస్తే బోర్డు మీద ఒత్తిడి పడుతుంది.

ఆ పనితో పాటే కార్ట్రిడ్జ్ అంచున ఉండే కాంటాక్టులు కూడా తుడిపించండి. చెన్నై సముద్రపు గాలికి ఆ బంగారు రంగు పట్టీల మీద మరక పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిస్తే పోతుంది. నోటితో ఊదడం మానేయండి, ఆ తడి ఇంకా చేటు. మూత తీసినప్పుడు లోపలి బోర్డు ఒకసారి చూడండి. ముందు లేబుల్ మీద రెండంకెల సంఖ్య నొక్కినట్టు అచ్చుపడి ఉండి, బోర్డు మీద నింటెండో పేరు శుభ్రంగా ముద్రించి ఉంటే అది అసలుదే అని నమ్మొచ్చు. నకిలీ కార్ట్రిడ్జ్‌లు చాలావాటిలో సేవ్ మొదటి నుంచీ నిలవదు, అలాంటిదైతే సెల్ మార్చినా ప్రయోజనం ఉండకపోవచ్చు.

ఇప్పుడు కాపీ అన్న మాట దగ్గరికి వద్దాం. ఈ గేమ్ జపాన్‌లో 1998 సెప్టెంబర్ 25న వచ్చింది. అక్కడ దీని పేరు డ్రాగన్ క్వెస్ట్ మాన్‌స్టర్స్. ఆ రోజుల్లో అమెరికాలో డ్రాగన్ క్వెస్ట్ గేములన్నీ డ్రాగన్ వారియర్ పేరుతోనే అమ్మేవారు, అందుకే మీ లేబుల్ మీద ఆ పేరుంది. పోకెమాన్ 1996లో వచ్చింది కాబట్టి దాని విజయం చూసే ఈ గేమ్ తెచ్చిన ఎనిక్స్ కంపెనీ వాళ్ళు దీనికి పూనుకున్నారనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ లోపలున్న ఆలోచన అరువు తెచ్చుకున్నది కాదు. ఓడించిన మాన్‌స్టర్ లేచి వచ్చి మన జట్టులో చేరడం 1992 నాటి డ్రాగన్ క్వెస్ట్ 5లోనే ఉంది. రెండు ప్రాణులను కలిపి మూడోదాన్ని తయారుచేయడం ఇంకా పాతది, 1987లో వచ్చిన మెగామీ టెన్సెయ్ గేములో ఉంది. గుడ్లు, పిల్లలు పోకెమాన్‌లోకి వచ్చింది గోల్డ్, సిల్వర్ గేములతో, అంటే 1999 నవంబర్‌లో. మీ చేతిలో ఉన్న గేమ్ అంతకు ఏడాది ముందే మొత్తం ఆటను బ్రీడింగ్ మీద నిలబెట్టింది.

జపాన్‌లో ఇది 20 లక్షల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. గేమ్ బాయ్ కలర్ మార్కెట్లోకి రావడానికి దాదాపు నెల ముందే, ఆ మెషీన్ కోసం రంగులు సిద్ధం చేసుకుని వచ్చిన గేమ్ ఇది. మాన్‌స్టర్లకు బొమ్మలు గీసింది అకిరా తొరియామా, డ్రాగన్ బాల్ గీసిన ఆయనే. మీ డ్రాక్‌స్లైమ్ మొహం ఒకసారి తీరిగ్గా చూడండి. అంత చిన్న తెర మీద, పట్టుమని పదిహేను చుక్కల వెడల్పులో ఒక నవ్వు మొహం పెట్టి దానికో స్వభావం ఇవ్వడం మామూలు చెయ్యికి సాధ్యమయ్యే పని కాదు.

మరి ఇంత గేమ్ ఎందుకు మరుగున పడింది? అమెరికాకు వచ్చేసరికి 2000 జనవరి అయింది. అప్పటికి అక్కడ పోకెమాన్ జ్వరం పతాక స్థాయిలో ఉంది. పిల్లల కళ్ళకు ఇది ఇంకో పోకెమాన్, అంతే. పోకెమాన్‌కి టీవీ కార్టూన్ ఉంది, కార్డులున్నాయి, దీనికి అక్కడ అవేవీ లేవు. మన దగ్గర సంగతి చెప్పనక్కర్లేదు, కార్టూన్ నెట్‌వర్క్‌లో కనిపించనిది మన బడి పిల్లల్లో ఎవరికీ తెలియలేదు.

సరే, స్లిబ్ ఎందుకు వెళ్ళిపోయింది?

పోకెమాన్‌లో మనం పట్టుకున్నది చివరిదాకా మనతోనే ఉంటుంది. మొదటి రోజు ఎంచుకున్నదాన్నే పెంచి పెద్ద చేసి చివరి పోటీకి తీసుకెళ్ళొచ్చు. ఈ గేమ్‌లో అలా కుదరదు. కుదరకూడదనే దీన్ని ఇలా తయారుచేశారు. ఇక్కడ ఒక్కో మాన్‌స్టర్‌కి ఎదుగుదలలో ఒక హద్దుంటుంది. లెవల్ 10 దాటిన మగదాన్ని, ఆడదాన్ని జత కట్టిస్తే గుడ్డు వస్తుంది, తల్లిదండ్రులు సెలవు తీసుకుంటాయి. ఇక తిరిగి రావు. పిల్ల లెవల్ 1లో మొదలవుతుంది కానీ ఖాళీ చేతులతో రాదు. తల్లిదండ్రుల బలంలో ఒక భాగం, వాటి స్కిల్స్, పేరు పక్కన ప్లస్ గుర్తుతో ఒక అంకె తెచ్చుకుంటుంది. ఆ ప్లస్ ఎంత పెరిగితే దాని ఎదుగుదల హద్దు అంత పైకి జరుగుతుంది. అందుకే నేను దీన్ని మాన్‌స్టర్లను సేకరించే ఆట అనను. ఇందులో మొత్తం 215 మాన్‌స్టర్లు ఉన్న మాట నిజమే, కానీ అన్నీ పట్టాలని బయల్దేరితే విసుగొస్తుంది. మీరు పెంచుతున్నది ఒక వంశాన్ని. ఏ ఒక్క మాన్‌స్టర్‌నూ కాదు.

జత కట్టించేటప్పుడు గేమ్ రెండు స్థానాలు అడుగుతుంది. మొదటిది వంశం నిలిపేది, రెండోది దానికి జత. అక్కడ ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మీకు చాలా ముఖ్యం. మొదటి స్థానంలో ఉన్నది మన ఇళ్ళలో ఇంటిపేరు లాంటిది, పిల్ల చాలావరకు ఆ కుటుంబంలోనే పుడుతుంది. మీ సంగతే తీసుకోండి. స్లైమ్‌ను ముందు పెట్టి డ్రాగన్‌ను జతగా ఇచ్చారు కాబట్టి డ్రాక్‌స్లైమ్ వచ్చింది, అది స్లైమ్ కుటుంబం. అవే రెండింటిని తారుమారు చేసి ఉంటే డ్రాగన్‌కిడ్ పుట్టేది, అది డ్రాగన్ కుటుంబం. స్లైమ్, డ్రాగన్, బీస్ట్, బర్డ్, ప్లాంట్, బగ్, డెవిల్, జాంబీ, మెటీరియల్ అని తొమ్మిది మామూలు కుటుంబాలున్నాయి. పదోదానికి పేరే లేదు, మూడు ప్రశ్నార్థకాలు మాత్రమే కనిపిస్తాయి. పెద్ద పెద్ద బాస్‌లు అందులోవే. స్లైమ్‌కి బర్డ్‌ను ఇస్తే రెక్కల వింగ్‌స్లైమ్, ప్లాంట్‌ను ఇస్తే ట్రీస్లైమ్. ఈ మామూలు లెక్క మీద కొన్ని ప్రత్యేకమైన జతలున్నాయి. రెండు మెటల్‌కింగ్‌లను కలిపితే గోల్డ్‌స్లైమ్ వస్తుంది, అది కుటుంబాల లెక్క చూసి ఊహించగలిగేది కాదు. మొదటిసారి ఆడేటప్పుడు ఇంటర్నెట్‌లో ఆ పట్టిక వెతకవద్దని నా సలహా. గుడ్డు పగిలేదాకా ఏం వస్తుందో తెలియని ఆ టెన్షన్ ఒక్కసారే దొరుకుతుంది.

ఇక్కడ అందరూ తొందరపడతారు. లెవల్ 10 రాగానే జత కట్టించేస్తారు. గేమ్ ఒప్పుకుంటుంది, కానీ పిల్ల బక్కగా పుడుతుంది. తల్లిదండ్రుల లెవల్ ఎక్కువగా ఉంటే వాటి బలంలోంచి పిల్లకు వచ్చే వాటా పెద్దదవుతుంది, ప్లస్ కూడా త్వరగా ఎదుగుతుంది. ఇంకో లాభం, అప్పటికి వాటి స్కిల్స్ ముదిరి ఉంటాయి. బ్లేజ్ అనే నిప్పు మంత్రం బ్లేజ్‌మోర్‌గా, అది బ్లేజ్‌మోస్ట్‌గా మారుతుంది. హీల్ కూడా అంతే, హీల్‌మోర్, హీల్‌ఆల్ అవుతుంది. ఇవి మారాలంటే లెవల్ ఒక్కటే చాలదు, తెలివి, ఎంపీ (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) లాంటి అంకెలు కూడా తగినంత ఉండాలి. అందుకే మంత్రాలు నేర్పాలనుకున్న వంశంలోకి కండబలం మాత్రమే ఉన్న జత తెస్తే తర్వాతి తరం ఇబ్బంది పడుతుంది. ఒక్కో మాన్‌స్టర్ దగ్గర ఎనిమిది స్కిల్స్‌కే చోటుంది, అవి నిండాక కొత్తది కావాలంటే పాతది ఒకటి వదులుకోవాలి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అని ఆలోచిస్తూ నేను బస్ స్టాప్ దాటి వెళ్ళిపోయిన రోజులున్నాయి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఫోన్లో కాదు, కాగితం మీద. నా దాంట్లో ఒక్కో గుడ్డుకి ఒక్కో వరస: పిల్ల పేరు, దాని ప్లస్, ముందు నిలబడింది ఎవరు, జత ఎవరు, ఎన్నో లెవల్లో కలిపాను, ఏ స్కిల్స్ వచ్చాయి. పేజీ పక్కన బాణం గుర్తులు గీసుకుంటూ పోతే నాలుగైదు తరాల తర్వాత ఒక వంశవృక్షం తయారవుతుంది. మీరైతే పైన స్లిబ్ పేరు రాసి మొదలుపెట్టండి. డ్రాక్‌స్లైమ్ మనవలు ఏ హీలర్‌తోనో కలిసి వైద్యం నేర్చుకున్నప్పుడు, ఆ మనవడి స్కిల్స్‌లో ఏది స్లిబ్ ఇచ్చిందో వేలు పెట్టి చూపించగలరు. సేవ్ పోయినా ఆ కాగితం ఉంటుంది, మళ్ళీ అదే దారిలో వెళ్ళొచ్చు.

మాన్‌స్టర్లను చేర్చుకునే పద్ధతి కూడా వేరు. ఇక్కడ బంతులు విసరడం ఉండదు. యుద్ధం మధ్యలో ఎదుటిదానికి మాంసం వేస్తాం. బీఫ్‌జెర్కీ అన్నిటికన్నా చవక, పోర్క్‌చాప్, రిబ్, సర్లాయిన్ ఇలా ఖరీదు పెరిగేకొద్దీ అది మనకు లొంగే అవకాశం పెరుగుతుంది. గెలిచాక అది లేచి మీతో వస్తానంటుంది, లేదా వెళ్ళిపోతుంది. చవక మాంసం గుప్పించే బదులు, నిజంగా కావలసిన మాన్‌స్టర్ కనిపించినప్పుడు మంచిది ఒకటి రెండు వేయడం మేలు. అడవిలోంచి కొత్తగా వచ్చినవాటికి మొరటుతనం ఎక్కువ, చెప్పిన మాట వినవు. వాటికి కూడా మాంసం తినిపిస్తూ ఉంటే దారికొస్తాయి. బ్రీడింగ్‌తో పుట్టినవాటితో ఈ బాధ ఉండదు.

ఈ ఆటలో మాన్‌స్టర్లు తిరిగే లోకాలకు ద్వారాలుంటాయి, వాటిలోకి వెళ్ళిన ప్రతిసారీ లోపలి అంతస్తుల ఆకారం మారిపోతుంది. కాబట్టి మ్యాప్ గీసుకోవడం వృథా. మధ్యలో ఒక్కోసారి దుకాణం తగులుతుంది, ఒక్కోసారి మీలాగే తిరుగుతున్న ఇంకో మాస్టర్ ఎదురై యుద్ధానికి పిలుస్తాడు. చిట్టచివర బాస్ ఉంటుంది. నిజం చెప్పాలంటే గేమ్ మొత్తంలో ఈ భాగమే కాస్త చప్పగా ఉంటుంది, ముఖ్యంగా నడిమి ద్వారాలు ఒకేలా అనిపిస్తాయి. వాటిని లెవల్ పెంచుకునే చోట్లుగా చూడండి, కథ కోసం వెతకకండి. కథ చిన్నదే: టెర్రీ అనే పిల్లవాడు, ఎత్తుకుపోబడిన అక్క మిలేయూ, గెలిచినవాళ్ళ కోరిక తీర్చే స్టారీ నైట్ టోర్నమెంట్. ఆ టోర్నమెంట్ ఆఖరి పోరులో ఎదురుగా ఎవరుంటారో ఎక్కడా చదవకండి.

అరేనా గురించి ఒక హెచ్చరిక. జీ క్లాస్ నుంచి మొదలై ఎస్ దాకా ఉండే ఆ పోటీల్లో మీ మాన్‌స్టర్లకు ఒక్కో దెబ్బా మీరు చెప్పే వీల్లేదు. దూకుడుగానా, కలగలుపుగానా, జాగ్రత్తగానా అని పద్ధతి మాత్రమే చెప్తారు, మిగతాది అవే చూసుకుంటాయి. బయట ప్రతి యుద్ధంలోనూ మీరే ఆజ్ఞలిస్తూ అలవాటు పడితే అరేనాలో చేతులు కట్టేసినట్టుంటుంది. అందుకని ద్వారాల్లో కూడా ఎక్కువసేపు పద్ధతి చెప్పి వదిలేయండి. ఏది పిరికిది, ఏది అనవసరంగా మంత్రాలు ఖర్చు చేస్తుంది, ఏది సమయానికి వైద్యం చేస్తుంది అన్నది అప్పుడే తెలుస్తుంది. స్వభావం నచ్చకపోతే మార్చడానికి ఆటలో పుస్తకాలు దొరుకుతాయి, మాన్‌స్టర్‌కి పుస్తకమిస్తే దాని తీరు మారుతుంది. ముగ్గురి జట్టులో ఒకరికైనా వైద్యం రావాలి, అది లేకుండా 'ఈ' (E) క్లాస్ దాటడం చాలా కష్టం.

ఇంత చెప్పాక కూడా పాత మెషీన్ మీద ఆడటం కుదరదనిపిస్తే ఇంకో దారుంది. గేమ్ బాయ్ కలర్ తెరకు వెనక లైటు ఉండదు కాబట్టి రాత్రి పూట కష్టమే, పగలు కిటికీ పక్కన కూర్చోవాలి. ఇదే గేమ్‌ను 2012లో నింటెండో 3డీఎస్ కోసం కొత్తగా చేశారు గానీ అది జపాన్‌కే పరిమితమైంది. ఈ సిరీస్‌లో 2023 డిసెంబర్‌లో నింటెండో స్విచ్ మీద వచ్చిన 'ది డార్క్ ప్రిన్స్' మాత్రం ఇంగ్లీషులో ఉంది, 2024లో కంప్యూటర్‌కి, ఫోన్లకి కూడా వచ్చింది. 500కు పైగా మాన్‌స్టర్లు, రంగురంగుల లోకం, రుతువులు మారుతుంటాయి. లెవల్ 10 దాటినవి రెండు కలిసి కొత్తదానికి చోటివ్వడమనే పద్ధతి అందులోనూ అలాగే ఉంది. అది మంచి గేమే. కాకపోతే పిల్ల ఏమవుతుందో అది ముందే చూపించేస్తుంది, అందుకే గుడ్డు ముందు కూర్చుని ఎదురుచూసే సుఖం నాకు అందులో తక్కువనిపించింది.

అన్నయ్యతో ఒక మాట మాట్లాడండి. ఆయన దగ్గర రెండో గేమ్ బాయ్, లింక్ కేబుల్ ఉన్న స్నేహితులెవరైనా ఉన్నారేమో కనుక్కోండి. కేబుల్ కలిపితే ఒకరి మాన్‌స్టర్‌ను ఇంకొకరి మాన్‌స్టర్‌తో జత కట్టించొచ్చు, మీ ఒక్కరి ఆటలో దొరకడానికి చాలాకాలం పట్టే రక్తం అలా వంశంలోకి వస్తుంది. ఈలోగా సెల్ మార్పించండి. ఒకసారి సేవ్ చేసి ఆఫ్ చేసి, రెండు రోజులు ముట్టుకోకుండా వదిలి, మళ్ళీ ఆన్ చేసి చూడండి. సేవ్ ఉంటే డ్రాక్‌స్లైమ్‌ను కనీసం లెవల్ 18, 20 దాకా పెంచి, దానికి జతగా ఒక హీలర్‌ను వెతకండి. స్లైమ్ కుటుంబమే నిలవాలనుకుంటే డ్రాక్‌స్లైమ్‌ను ముందు పెట్టడం మరిచిపోవద్దు. ఏం పుట్టిందో ఇక్కడే రాయండి, ఆ తర్వాత ఎవరితో కలపాలో చూద్దాం.